కంబాలకొండ అడవికి మొదటిసారి వెళ్తున్నవాళ్లకి

అడిగిన సంగతి క్లుప్తంగా ఇదీ: "ఈమధ్యే రాజమండ్రి నుంచి విశాఖకి, ఎంవీపీ కాలనీకి వచ్చాం. నేను, మా ఆవిడ, పదేళ్ల బాబు, కాలేజీలో చదివే మా బావమరిది. కంబాలకొండలో ట్రెక్కింగ్ చేద్దామనుకుంటున్నాం. అనుమతి తప్పనిసరా? వెనకవైపు ఊళ్ల మీదుగా వెళ్తే ఎవరూ అడగరంటున్నారు, నిజమేనా? చిరుతపులి ఉందని విని మా ఆవిడకి టెన్షన్. బావమరిది డ్రోన్ తెస్తాడట, రాత్రికి టెంట్ కూడా వేద్దామంటున్నాడు. ఏ నెలలో మంచిది, ఏమేం పట్టుకెళ్లాలి?"

నిక్షేపంగా వెళ్లండి. బాబుని తప్పకుండా తీసుకెళ్లండి. ముందు గేటు నుంచే, టికెట్ తీసుకుని, గైడ్‌ని వెంటపెట్టుకుని, పొద్దున గేటు తీసే వేళకి వెళ్లండి. డ్రోన్ ఇంట్లో పెట్టేయండి. టెంట్ సంగతి మర్చిపోండి. ఎందుకని ఇలా చెప్తున్నానో కింద రాస్తున్నాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిక చేసుకోండి.

ముందు మనం మాట్లాడుతున్న చోటు ఏదో తేల్చుకుందాం. కొత్తగా వచ్చినవాళ్లలో సగం మంది జూకి, కంబాలకొండకి తేడా తెలియక తికమకపడతారు. 16వ నంబరు జాతీయ రహదారి మీద హనుమంతవాక దాటి ఎండాడ వైపు వెళ్తుంటే, సముద్రం వైపు ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల ఉంటుంది. అది 1977లో జనానికి తెరిచిన జూ. అక్కడ జంతువులు ఎన్‌క్లోజర్లలో ఉంటాయి. రోడ్డుకి ఇవతల, కొండ వైపున్న గేటు కంబాలకొండ ఎకో పార్కుది. ఆ గేటు వెనకున్నది సుమారు 71 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. ఒకప్పుడు విజయనగరం మహారాజుల చేతిలో ఉండేది. 1970లో అటవీ శాఖ చేతికొచ్చింది. 2002లో అభయారణ్యంగా ప్రకటించారు. ఇక్కడ జంతువులకి ఎన్‌క్లోజర్లు లేవు, వాటి ఇంటికి మనం వెళ్తాం.

ఈ అడవితో వచ్చే చిక్కంతా అది ఊరికి మరీ దగ్గరగా ఉండడమే. మీ ఎంవీపీ కాలనీ నుంచి బండి మీద కాసేపట్లో గేటు దగ్గరుంటారు. మధురవాడలో చాలా అపార్ట్‌మెంట్ల బాల్కనీల్లోంచి ఈ కొండలే కనిపిస్తాయి. అందుకని బీచ్‌కి వెళ్లినట్టు, చెప్పులేసుకుని, అరలీటరు నీళ్ల సీసా పట్టుకుని బయల్దేరతారు. అదే అరకుకో లంబసింగికో వెళ్లాలంటే వారం ముందునుంచి బ్యాగులు సర్దుతారు. నిజానికి కాలు మడతపడిందంటే రెండు చోట్లా కష్టం ఒకటే. గేటు దాటి రెండు మూడు కిలోమీటర్లు లోపలికి నడిచాక అంబులెన్సు మీ దగ్గరికి రాదు, మిమ్మల్నే మోసుకుని రోడ్డుకి తేవాలి. కొండ మీంచి ఊరు కనపడుతూనే ఉంటుంది, ఊళ్లోంచి సాయం రావడానికి మాత్రం చాలాసేపు పడుతుంది.

ఇక అనుమతి. ఇది గేటు దగ్గర కూర్చున్నాయన సొంతంగా పెట్టిన రూలు కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ అభయారణ్యంలోకి ఎవరెవరు వెళ్లొచ్చో చెబుతుంది. డ్యూటీలో ఉన్న ఉద్యోగులు, అనుమతి పత్రం ఉన్నవాళ్లు, లోపల భూమి హక్కులున్నవాళ్లు, అందులోంచి పోయే బహిరంగ రహదారి మీద ప్రయాణించేవాళ్లు, ఇలా. 28వ సెక్షన్ ప్రకారం పర్యాటకానికి, ఫోటోలకి, పరిశోధనకి అనుమతి ఇవ్వొచ్చు. మీరు ఆ పర్యాటకుల లెక్కలోకి వస్తారు. గేటు దగ్గర తీసుకునే టికెట్టే మీ అనుమతి, అదీ వాళ్లు చూపించే దారుల వరకే. "అడవి పక్కనున్న శంభువానిపాలెం ఊరివాళ్లు రోజూ లోపలికి వెళ్తున్నారు కదా, మమ్మల్నెందుకు ఆపుతారు?" అని చాలామంది వాదిస్తారు. వాళ్ల బతుకు అక్కడే ముడిపడి ఉంది, మనం సరదాకి వెళ్తున్నాం. చట్టం కూడా ఆ తేడా చూస్తుంది.

వెనకవైపు దారి గురించి అడిగారు. శంభువానిపాలెం నుంచో, అడవివరం, ఆరిలోవ కొండవాలుల నుంచో పైకి ఎక్కే డొంకదారులు ఉన్నమాట నిజమే. ఎవరూ అడగని రోజులు ఉన్నమాటా నిజమే. నేను వద్దంటున్నది జరిమానాకి భయపడి కాదు. ముందు గేటు నుంచి వెళ్తే మీరు లోపల ఉన్నట్టు ఒకరికి తెలుస్తుంది. సాయంత్రానికి మీరు బయటికి రాకపోతే వెతుకుతారు. వెనకదారిన వెళ్లినవాళ్ల కోసం ఎవరు వెతకాలి, ఎక్కడని వెతకాలి? పైగా ఆ డొంకలు పశువులు వేసినవి, కట్టెలకో జీడిగింజలకో వెళ్లేవాళ్లు వేసినవి. ఒకటి రెండుగా చీలుతుంది, రెండూ ఒక తుప్పలో మాయమవుతాయి. ఊరివాళ్లకి అవి అరచేతిలో గీతల్లా తెలుసు, మనకి తెలియవు.

ఫోన్లో మ్యాపు చూసుకుంటామంటారేమో. ఎవరో ఎప్పుడో నడిచి ఎక్కించిన గీతలు మ్యాపుల్లో కనిపిస్తాయి. వాటిని నమ్మొద్దు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీదే తీరం దాటింది. ఆ ఒక్కరోజులో ఈ కొండల మీద పెద్ద చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. పైకప్పు పోయి నేలకి ఎండ తగలడంతో తీగలు, ముళ్లతుప్పలు ఇష్టారాజ్యంగా లేచాయి. పాత దారులు కొన్ని పూడిపోయాయి, కొత్తవి పడ్డాయి. ఇప్పటికీ ప్రతి వానాకాలం తర్వాత దారి ఎంతోకొంత మారుతూనే ఉంటుంది. కొండల మడతల్లోకి దిగితే సిగ్నల్ కూడా పోతుంది.

అందుకే గైడ్. ఎకో పార్కు నడపడంలో చుట్టుపక్కల పల్లెవాళ్ల పాత్ర మొదటినుంచీ ఉంది. మీ వెంట వచ్చే మనిషి చాలాసార్లు అక్కడ పుట్టి పెరిగినవాడే అవుతాడు. గైడంటే దారి చూపేవాడేలే అనుకుని ముందు నడిపించి, వెనక కబుర్లలో పడతారు జనం. అలా చేయకండి. పక్కన నడవండి, ప్రశ్నలు అడగండి. ఏ చెట్టు జిగురు దేనికి వాడతారు, ఏ గెడ్డలో (కొండవాగులో) ఏ నెల దాకా నీళ్లుంటాయి, ఇక్కడ పంది ఎందుకు తవ్వింది, ఇవన్నీ ఆయన నోట వినాలి. కొంతమంది మితభాషులు. మీరు నిజంగా వింటున్నారని తెలిసేదాకా నోరు విప్పరు. టికెట్, గైడ్ రుసుములు, వేళలు, ఆ వారం ఏ దారి తెరిచి ఉందన్నది మారుతూ ఉంటాయి. ముందురోజే కనుక్కుని వెళ్తే గేటు దగ్గర పేచీ ఉండదు.

గేటు దాటగానే చెరువు, పడవ షికారు, పిల్లలు ఆడుకునే చోటు ఉంటాయి. చాలా కుటుంబాలు అక్కడే ఆగిపోతాయి, ఫోటోలు దిగి వెనక్కి వచ్చేస్తాయి. తప్పేం లేదు. కానీ మీరు ట్రెక్కింగ్ అన్నారు కాబట్టి, ముందు నడక, తర్వాత చెరువు. వరస మార్చారంటే మీ బాబు పడవ దిగడు, ఎండ ఎక్కేస్తుంది, నడక అటకెక్కుతుంది.

నెలల సంగతి. నవంబర్ రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అక్టోబర్, నవంబర్ మొదట్లో తుఫాన్ల బెడద, వాతావరణ శాఖ ఏం చెబుతోందో చూసుకోండి. మార్చి దాటితే ఎండ కన్నా ఉక్క చంపుతుంది. మీరు గోదావరి వాళ్లు, ఉక్క మీకు కొత్తేం కాదు. కానీ కూర్చుని భరించే ఉక్క వేరు, ఎత్తు ఎక్కుతూ భరించే ఉక్క వేరు. సముద్రపు తేమకి చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం తర్వాత ఉరుములతో వాన పట్టుకుంటుంది. ఉరుము వినపడిందంటే శిఖరం మీంచి, బండల మీంచి వెంటనే కిందికి దిగాలి, ఒంటరి తాటిచెట్టు కిందికి మాత్రం వెళ్లకూడదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అడవి పచ్చగా కన్నుల పండుగే గానీ, జారుడు, దోమలు, పిడుదులు అన్నీ అప్పుడే. వానలో గెడ్డ దాటాల్సి వస్తే నీళ్లు తగ్గేదాకా ఇవతలే ఆగండి. కొండ గెడ్డలు చూస్తుండగానే పొంగుతాయి, అంతే త్వరగా తగ్గుతాయి కూడా.

శీతాకాలంలో ఒక్క జాగ్రత్త. విశాఖలో డిసెంబర్‌లో ఐదున్నర లోపే పొద్దు గూకుతుంది. కొండ నీడలో అంతకు ముందే మసక పడుతుంది. మధ్యాహ్నం బయల్దేరే ప్లాన్ పెట్టుకోకండి.

నేల గురించి ఎవరూ చెప్పరు, నాకైతే అదే ముఖ్యం. మన తూర్పు కనుమల్లో ఈ వైపున్నది ఎక్కువగా ఖోండలైట్ రాయి. గాలికి, వానకి అది మెత్తబడి ఎర్రటి గరుసుగా రాలుతుంది. దాని మీద ఎండుటాకులు పరుచుకుంటాయి. ఎక్కేటప్పుడు ఏమీ తెలియదు. దిగేటప్పుడు ఆకు కింద గరుసు, గరుసు కింద బండ, మూడూ కలిసి కాలిని లాగేస్తాయి. నేను చూసిన దెబ్బల్లో ఎక్కువ భాగం దిగేటప్పుడు తగిలినవే, అదీ చివరి అరగంటలో, ఇంక వచ్చేశాం కదా అని వేగం పెంచినప్పుడు. గాడులు లోతుగా ఉన్న బూట్లు వేసుకోండి. కొత్తవి కొంటే ముందు రెండు వారాలు బీచ్ రోడ్డు మీద వాటితోనే నడవండి. అడుగు చిన్నదిగా వేయండి, మోకాలు కొంచెం వంచి ఉంచండి. బాబుకి ఒక కర్ర ఇవ్వండి, వాడికి ఉత్సాహంగానూ ఉంటుంది.

నీళ్లు పెద్దవాళ్లకి మనిషికి కనీసం రెండు లీటర్లు. లోపల గెడ్డల్లో నీళ్లు తేటగా కనిపించినా తాగకండి, పైన పశువులుంటాయి. వట్టి నీళ్లే తాగుతూ పోతే ఉప్పు తగ్గి కాళ్లు పట్టేస్తాయి. ఓఆర్ఎస్ పొట్లాలు రెండు, లేదా ఇంట్లో కలిపిన ఉప్పు నిమ్మకాయ నీళ్లు. తిండికి పులిహోర కన్నా మంచిది నాకు తెలీదు. స్టీలు డబ్బాలో పెట్టుకోండి. చిప్స్ పొట్లాలు వద్దు. ఆ చప్పుడుకి కోతులు వస్తాయి, ఒకసారి పెట్టారంటే తర్వాత వచ్చేవాళ్ల చేతుల్లోంచి లాక్కుంటాయి. చెత్త వేయడం మర్యాద తప్పడం మాత్రమే కాదు, అభయారణ్యంలో నేరం కూడా. అది కూడా 27వ సెక్షన్లోనే ఉంది. నారింజ తొక్క సైతం వెనక్కి తెచ్చేయండి.

ఇప్పుడు మీ ఆవిడ టెన్షన్ దగ్గరికి వద్దాం. చిరుత ఉంది. ఈ అడవికి గుర్తుగా చెప్పుకునే జంతువే అది. అప్పుడప్పుడు కొండ అంచు కాలనీల్లో కనిపించిందని కలకలం రేగడం విశాఖవాళ్లకి అలవాటే. మీకు కనపడే అవకాశం మాత్రం చాలా తక్కువ. చాలావరకు రాత్రిపూట తిరిగే జంతువు అది. మీరు దాన్ని చూసేలోపు అది మిమ్మల్ని విని, చూసి, తప్పుకుని ఉంటుంది. పగటిపూట, గుంపుగా, గైడ్‌తో నడిచే మనుషుల జోలికి అది రావడానికి కారణం ఉండదు. ఇబ్బంది ఎప్పుడొస్తుందంటే, పిల్లలతో ఉన్న ఆడచిరుతకి మరీ దగ్గరగా పోయినప్పుడు, గాయపడ్డదాన్ని కదిలించినప్పుడు, దానికి పారిపోయే దారి లేకుండా జనం చుట్టుముట్టినప్పుడు. మూడోది ఊళ్లలోనే ఎక్కువ జరుగుతుంది, సెల్‌ఫోన్ల వల్ల.

అయినా పాటించాల్సినవి కొన్ని ఉన్నాయి. బాబు ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ల మధ్య నడవాలి. ముందుకు పరుగెత్తకూడదు, వెనక పడిపోకూడదు. చిన్న ఆకారం, పరుగు, ఈ రెండూ వేటజంతువు కంట్లో పడేవి. తుప్పల చాటుకి ఒంటరిగా ఎవరినీ పంపకండి, ఆ పని గేటు దగ్గరే ముగించుకోండి. మీ పెంపుడు కుక్కని తెస్తామని అడగలేదు గానీ, అడిగేవాళ్లు ఉన్నారు. వద్దు. కుక్క చిరుతకి ఇష్టమైన ఆహారం. ఒకవేళ కనపడిందే అనుకోండి, ఆగిపోండి. వెనక్కి తిరిగి పరుగెత్తొద్దు, కిందికి వంగొద్దు. బాబుని దగ్గరికి లాక్కుని, చేతులు పైకెత్తి పెద్దగా కనబడుతూ, గట్టిగా మాట్లాడుతూ, దాని వైపే చూస్తూ నెమ్మదిగా వెనక్కి నడవండి. దానికి పోయే దారి వదలండి. కూనలు కనపడితే ముద్దొచ్చినా సరే, వచ్చిన దారినే వెళ్లిపోండి. తల్లి దూరంగా ఉండదు.

నన్నడిగితే చిరుత కన్నా అడవిపందికి ఎక్కువ దారివ్వాలి. గుంపు అడ్డం వస్తే మొత్తం దాటేదాకా నిలబడండి.

జంతువు కనపడకపోతే డబ్బు దండగ అనుకునే వాళ్లకి ఈ అడవి నప్పదు. కనపడనివాటి జాడ చదవడంలోనే ఉంది ఇక్కడి సరదా, మీ బాబు వయసుకి అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. గెడ్డ పక్కన తడి మట్టి కనపడినచోట ఆగండి. కుక్క అడుగులో గోళ్ల గుర్తులు ముందు పొడుచుకుని ఉంటాయి. చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది, అందుకని దాని అడుగులో గోళ్లు పడవు, గుండ్రంగా ఉంటుంది. జంట డెక్క గుర్తుంటే దుప్పో, కణితో, పందో. పందిదైతే వెనక రెండు చిన్న చుక్కలు కూడా తరచుగా పడతాయి. నేల దున్నినట్టు ఉంటే పంది దుంపల కోసం తవ్విందన్నమాట. పుట్టకి పక్కనుంచి పెద్ద రంధ్రం చేసి ఉంటే అలుగు (పాంగోలిన్) పని కావచ్చు. చెదలు, చీమలు దాని భోజనం. పాపం, పొలుసుల కోసం దాన్ని చంపి అమ్ముకునేవాళ్ల వల్ల ప్రపంచమంతా తరిగిపోతున్న జీవం అది. దారి మీద వెంట్రుకలు కలిసిన మలం ఉంటే వేటజంతువుది, విత్తనాలే విత్తనాలుగా ఉంటే పునుగుపిల్లిది కావచ్చు. నలుపు తెలుపు చారలున్న ముల్లు దొరికితే ముళ్లపందిది. చూడండి, ఫోటో తీసుకోండి, అక్కడే వదిలేయండి. జేబులో వేసుకుంటే చట్టం ఒప్పుకోదు.

తర్వాత చెవులు. కుక్క మొరిగినట్టు ఒకే అరుపు, కాస్త ఆగి మళ్లీ ఒకే అరుపు వినిపిస్తే అది మొరిగే జింక అయ్యుండొచ్చు. అది ఊరికే మొరగదు, దేన్నో చూసి బెదిరింది. నెమలి కూతలు, అడవికోడి కూతలు పొద్దున పూట బాగా వినిపిస్తాయి. మన ఇంటి కోడి కూతలాగే మొదలై చివర్లో తెగిపోయినట్టు ఉంటుంది అడవికోడిది. పికిలిపిట్టలు, జెముడుకాకి, వడ్రంగిపిట్ట, తేనెపిట్టలు మొదటి గంటలోనే చూస్తారు. తెల్లటి పొడవు తోక రిబ్బనులా ఊగుతూ నీడలో ఎగిరే పక్షి కనపడితే అది ప్యారడైజ్ ఫ్లైక్యాచర్ మగది. వీటన్నిటికీ ఒకటే షరతు, నోరు మూసుకుని నడవాలి. చిన్న స్పీకర్ పెట్టుకుని సినిమా పాటలతో వచ్చే గుంపులు వెళ్లిన దారిలో మరో గంట దాకా ఏమీ కనపడదు. అలాంటి గుంపు ముందు పోతుంటే మీరు టీ తాగి కాసేపాగి బయల్దేరండి.

పాముల గురించి అడగలేదు గానీ చిరుత కన్నా అదే పనికొచ్చే భయం. రక్తపింజరి ఎండుటాకుల రంగులో కలిసిపోతుంది, తప్పుకోకుండా అక్కడే పడుకుని ఉంటుంది. దగ్గరికొస్తే గట్టిగా బుసకొడుతుంది. దారి మధ్యలోనే నడవండి, అడ్డంగా పడ్డ దుంగ దాటేటప్పుడు ముందు దాని మీద కాలుపెట్టి అవతల ఏముందో చూసి దిగండి, బండల సందుల్లో చేతులు పెట్టకండి. చీలమండలు దాటిన బూట్లు, మందపాటి ప్యాంటు ఉంటే సగం రక్షణ. కాటు పడితే కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, పసరు మందులంటూ ఆలస్యం చేయొద్దు. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేసి, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా మోసుకుని రోడ్డుకి చేర్చి 108కి ఫోన్ చేయండి. హనుమంతవాక దగ్గర విమ్స్, ఊళ్లో కేజీహెచ్ ఆసుపత్రులు ఉన్నాయి. పాముని పట్టుకురానక్కర్లేదు, చంపనక్కర్లేదు. మన దేశంలో ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ కలిపి తయారుచేసిందే.

టెంట్ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు సగం అర్థమయ్యే ఉంటుంది. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కాటేస్తుంది. కాటు చాలాసార్లు నొప్పి కూడా తెలియదు, తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, ఊపిరి అందదు. చిరుత, పంది తిరిగే వేళ కూడా అదే. ఇంకా టెంట్ అనగానే మంట, వంట, సిగరెట్. అభయారణ్యంలో నిప్పు పెట్టడాన్ని 30వ సెక్షన్ నేరమంటుంది. ఫిబ్రవరి నుంచి ఎండిన గడ్డి ఎలా అంటుకుంటుందో వేసవి రాత్రుల్లో ఊళ్లోంచి చూస్తే కొండ మీద ఎర్రటి గీతలా కనిపిస్తుంది. మీ బావమరిదికి రాత్రి గడపాలని అంత ఉబలాటంగా ఉంటే అటవీ శాఖ, పర్యాటక శాఖ అనుమతిచ్చిన కాటేజీలున్న చోటికి వెళ్లమనండి. అరకు వైపు అలాంటివి దొరుకుతాయి.

డ్రోన్ సంగతి రెండు ముక్కలు. అభయారణ్యం మీద ఎగరేయడానికి అటవీ శాఖ అనుమతి వేరేగా కావాలి. పైగా ఇది తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు, ఊళ్లో ఉన్న విమానాశ్రయం కూడా నేవీదే. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గగనతలాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలుగా విడదీశారు, ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో చూసుకోవచ్చు. సరదాకి పోయి నేవీతో పెట్టుకోవడం ఎందుకు? పక్షులు గూళ్లు వదిలి లేచిపోతాయన్నది ఇంకో కారణం, నాకు అదే పెద్దది.

చిన్నచిన్నవి కొన్ని. శీతాకాలంలో దురదగొండి కాయలు తీగల మీద బూడిద గోధుమ రంగు నూగుతో వేలాడుతుంటాయి. పిల్లలు ముట్టుకునేదాకా ఊరుకోరు. వెళ్లేముందే గైడ్ చేత బాబుకి చూపించండి. అంటుకుంటే గోకొద్దు, ప్లాస్టర్‌ టేపు అతికించి లాగితే నూగు చాలావరకు వచ్చేస్తుంది, తర్వాత సబ్బుతో కడగండి. సెంటు పూసుకుని రావద్దు, బండల కింద పెద్ద తేనెపట్లు ఉంటాయి. ఈగలు లేస్తే ముఖం కప్పుకుని వచ్చిన దారినే వీలైనంత దూరం పరుగెత్తాలి, ఒక్కచోట నిలబడి చేతులు ఊపకూడదు. చిరుత ముందు పరుగెత్తొద్దు, తేనెటీగల ముందు పరుగెత్తాలి, బాబుకి ఇది తిరగేసి గుర్తుండకుండా చూడండి.

గుంపు నుంచి విడిపోతే ఏం చేయాలో కూడా అందరికీ ముందే చెప్పుకోండి. గెడ్డ వెంట దిగితే ఊరొస్తుందని పెద్దలంటారు. ఈ కొండల్లో గెడ్డలు చాలాచోట్ల నిటారు బండల మీంచి దూకుతాయి, సగం దిగాక అటూ ఇటూ కాకుండా చిక్కుకుంటారు. తెలిసిన చోటిదాకా వెనక్కి రావడం మేలు. ఎత్తు మీద ఉంటే సముద్రం కనిపిస్తుంది. అది ఆగ్నేయం వైపు, మధ్యలో హైవే ఉంటుంది. దిక్కు తెలుసుకోవడానికి అంతకన్నా మంచి గుర్తు లేదు. దారి అస్సలు తెలియకపోతే ఉన్నచోటే ఉండి ఈల ఊదండి. ఈల ఇరవై రూపాయల్లో వస్తుంది, బాబు మెడలో వేయండి. అవసరం లేకుండా ఊదితే లాక్కుంటానని చెప్పండి.

మీరెవరూ ఈమధ్య కొండ ఎక్కి ఉండకపోతే, ముందు ఆదివారం సింహాచలం కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) నుంచి మెట్లదారిన పైకి ఎక్కి చూడండి. గుడి సముద్ర మట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున ఉంది. అప్పన్న దర్శనమూ అవుతుంది, ఎవరి ఊపిరి ఎంతో తెలుస్తుంది. దిగేటప్పుడు మెట్ల దగ్గర సంపెంగలు అమ్ముతుంటే మీ ఆవిడకి కొనిపెట్టండి. ఆషాఢ పౌర్ణమి ముందురోజు గిరి ప్రదక్షిణ ఉంటుంది. సుమారు 32 కిలోమీటర్లు, లక్షల్లో జనం, హనుమంతవాక మీదుగానే నడుస్తారు. ఆ రోజు కంబాలకొండ ప్లాన్ పెట్టుకుంటే గేటు దాకా కూడా చేరరు. అదే రోజు ప్రదక్షిణకి వెళ్తే సరి, అది వేరే కథ.

ఇంటికొచ్చాక చేయాల్సింది ఒకటుంది, దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. బట్టలు బయటే విప్పి వేడినీళ్లలో నానేయండి. స్నానం చేసి, చంకలు, గజ్జలు, మోకాళ్ల వెనక, నడుం దగ్గర, బాబుకైతే చెవుల వెనక, జుట్టులో పిడుదులు పట్టాయేమో చూడండి. ఉంటే పట్టకారుతో చర్మానికి ఆనించి తలని పట్టుకుని నిటారుగా లాగండి, కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. తుప్పల్లో గడ్డి మీద కూర్చున్నప్పుడు కంటికి కనపడనంత చిన్న మైట్ అనే పురుగు పిల్లలు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం రావచ్చు. జ్వరం వెంటనే రాదు, వారం పది రోజులకి, ఒక్కోసారి మూడు వారాల లోపు ఎప్పుడైనా మొదలవుతుంది. అప్పటికి కొండ సంగతి మర్చిపోయి, వైరల్ అనుకుని మాత్రలు మింగుతూ కూర్చుంటారు. తలనొప్పి, ఒళ్లునొప్పులతో జ్వరం వచ్చి తగ్గకపోతే ఒళ్లంతా వెతకండి. ఎక్కడో ఒక మూల నల్లటి పెచ్చు కట్టిన, నొప్పి లేని చిన్న పుండు కనపడొచ్చు. కనపడకపోయినా సరే, డాక్టరుకి ఫలానా తేదీన అడవికి వెళ్లొచ్చామని మీ అంతట మీరే చెప్పండి. త్వరగా పోల్చుకుంటే డాక్సీసైక్లిన్ లాంటి మామూలు మందుతో తగ్గిపోతుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీల దాకా పోతుంది. అందుకే వెళ్లిన తేదీని క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి.